సబ్‌రెడిట్‌ను లెమ్మీకి తరలించడం: 2023 జూన్ వలసపై కేస్ స్టడీ

2023 మే 31న, రెడిట్ చర్చా వేదికను చదవడానికి వాడే అపోలో యాప్ డెవలపర్ క్రిస్టియన్ సెలిగ్ ఒక లెక్క బయటపెట్టాడు. రెడిట్ తన ఏపీఐకి (బయటి యాప్‌లు దాని సమాచారం తీసుకునే దారికి) అడుగుతున్న ధర 5 కోట్ల రిక్వెస్టులకు 12,000 డాలర్లు. అపోలో నెలకు పంపే రిక్వెస్టులు 700 కోట్లు. గుణిస్తే నెలకు 16.8 లక్షల డాలర్లు, ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైమాటే. ఆ యాప్ జూన్ 30న మూతపడింది. రిఫ్, సింక్ లాంటి ఇతర రెడిట్ యాప్‌లూ దాని వెంటే పోయాయి. ఈలోగా జూన్ 12 నుంచి 14 దాకా 8,000కు పైగా సబ్‌రెడిట్లు (రెడిట్‌లో ఒక్కో విషయానికున్న గుంపులు) ఆ ధరకు నిరసనగా ప్రైవేటులోకి వెళ్లాయి, అంటే బయటివాళ్లకు తలుపులు మూశాయి.

ఆ మూడు రోజుల గురించి చాలామంది రాశారు. ఆ తర్వాత ఎవరు ఎక్కడికి వెళ్లారు, వెళ్లినవాళ్లలో ఎవరు నిలిచారు అన్నది మాత్రం అంతగా ఎవరికీ పట్టలేదు. తాళం వేయడం ఒక పని, ఇల్లు మారడం ఇంకో పని. తాళం వేసిన 8,000 గుంపుల్లో ఇల్లు మారడానికి సామాను సర్దుకున్నవి చాలా తక్కువ. ఆ కొద్దిమందిలో స్టార్ ట్రెక్ (అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్) సబ్‌రెడిట్ వాళ్లు, రెడిట్ లాంటి సైటును ఎవరైనా నడుపుకోగల లెమ్మీ అనే సాఫ్ట్‌వేర్ మీద పెట్టుకున్న స్టార్‌ట్రెక్.వెబ్‌సైట్ ఈ కేసుకు కేంద్రం. అది ఎందుకు నిలిచింది, అదే నెలలో మొదలైన మరికొన్ని ఎందుకు కూలాయి అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే, వలస ఎక్కడ తెగుతుందో కనిపిస్తుంది.

గుంపుగా కదిలినవాళ్లు, విడివిడిగా కదిలినవాళ్లు

లెమ్మీ 2019 నుంచి ఉంది. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సర్వర్, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ ప్రోటోకాల్, రెడిట్ లాంటి ఓట్లు, కామెంట్ల చెట్టు. ఎవరి సర్వర్ వారిదే. ఒక సర్వర్‌లో అకౌంట్ ఉంటే మిగతా సర్వర్లలోని కమ్యూనిటీల్లోనూ (సబ్‌రెడిట్ లాంటి గుంపుల్లో) మాట్లాడొచ్చు. సర్వర్ల ఈ కలయికనే ఫెడరేషన్ అంటారు. 2023 జూన్‌లో రెడిట్ థ్రెడ్లలో కనిపించిన సలహా ఎక్కువగా ఒకటే: 'జాయిన్ లెమ్మీ పేజీకి వెళ్లి ఒక సర్వర్ ఎంచుకోండి'. వెళ్లినవాళ్లకు ముందు కనిపించింది డెవలపర్లే నడిపే లెమ్మీ.ఎంఎల్. అది లోడు మోయలేకపోయింది. అదే నెలలో పుట్టిన లెమ్మీ.వరల్డ్ వైపు మిగతా జనం మళ్లారు. ఇలా వెళ్లినవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లారు. అక్కడ తమ పాత సబ్‌రెడిట్ పేరుతో వెతికితే అదే పేరు మీద మూడు నాలుగు కమ్యూనిటీలు, ఒక్కోదానిలో రెండేసి పోస్టులు కనిపించేవి. ఎక్కడ కూర్చోవాలో తెలియక చాలామంది వారంలో వెనక్కి వచ్చేశారు.

స్టార్ ట్రెక్ మోడరేటర్లు సొంత సర్వర్ పెట్టుకున్నారు. డొమైన్ పేరులోనే విషయం ఉంది. రెడిట్‌లో వేర్వేరు సబ్‌రెడిట్లుగా ఉన్నవి అక్కడ ఒకే కప్పు కింద చేరాయి: వార్తలకు, ఎపిసోడ్లకు స్టార్‌ట్రెక్, లోతైన చర్చకు డేస్ట్రమ్ ఇన్‌స్టిట్యూట్, మీమ్స్‌కు రైసా. వీటికి తోడు పిచ్చాపాటీకి క్వార్క్స్. వచ్చినవాడికి ఏ గది దేనికో చెప్పక్కర్లేదు, పాత అలవాటే నడిపిస్తుంది. పైగా సమయం కలిసొచ్చింది. స్టార్ ట్రెక్ సిరీస్ స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ రెండో సీజన్ జూన్ 15న మొదలై ఆగస్టు 10 దాకా వారానికో ఎపిసోడ్ వచ్చింది. అంటే కొత్త ఇంట్లో మొదటి ఎనిమిది వారాలూ మాట్లాడుకోవడానికి తాజా సరుకు ఉంది. దీన్ని అదృష్టం అని కొట్టిపారేయకండి. క్రికెట్ గుంపైతే సిరీస్ మొదలయ్యే వారం, సినిమా గుంపైతే సంక్రాంతి రిలీజుల వారం, పరీక్షల గుంపైతే నోటిఫికేషన్ వచ్చే వారం. తరలింపు తేదీని క్యాలెండర్ చూసి పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి రైసా. స్టార్ ట్రెక్ చూడనివాళ్లు కూడా దాని మీమ్స్‌కు నవ్వుకుని సబ్‌స్క్రైబ్ చేశారు. లెమ్మీ అంటే లినక్స్, స్టార్ ట్రెక్ మీమ్స్ తప్ప ఇంకేం లేవన్న జోకు అక్కడ ఇప్పటికీ ఉంది. చిన్న నెట్‌వర్క్‌లో 'ఆల్' ఫీడ్ (అన్ని కమ్యూనిటీల పోస్టులూ కలిసి వచ్చేది) అందరూ చూస్తారు కాబట్టి, తేలికగా అందే ఒక కమ్యూనిటీ మిగతా మూడింటికీ జనాన్ని తెచ్చిపెడుతుంది. సీరియస్ గుంపులు మీమ్ గదిని చిన్నచూపు చూడటం వలసలో ఖరీదైన పొరపాటు.

సర్వర్ కొలతలు

రెండు మూడు వేల మంది సభ్యుల గుంపుకి 2 వర్చువల్ కోర్లు, 4 జీబీ ర్యామ్, 80 జీబీ డిస్క్ ఉన్న వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) చాలు. డాకర్ కంపోజ్‌లో (సర్వర్ ముక్కలన్నిటినీ కలిపి నడిపే పద్ధతిలో) ముఖ్యంగా ఐదు ముక్కలు ఉంటాయి: లెమ్మీ బ్యాకెండ్ (పోర్టు 8536), బ్రౌజర్‌లో పేజీలు చూపే లెమ్మీ యూఐ (పోర్టు 1234), బొమ్మలకు పిక్ట్‌ఆర్ఎస్, డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్, వీటన్నిటి ముందు, వచ్చే రిక్వెస్టులను సరైన ముక్కకు పంపే ఎన్‌జింక్స్. పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లకు (డేటాబేస్ వాడే మెమరీకి) ర్యామ్‌లో పావు వంతు ఇవ్వండి. డిస్క్‌ను తినేది మీ సభ్యుల పోస్టులు కాదు, బయటి సర్వర్ల నుంచి వచ్చిపడే కార్యకలాపాలు, బొమ్మల నకళ్లు. బొమ్మలను మొదటి రోజు నుంచే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (సర్వర్ డిస్క్ కాకుండా విడిగా అద్దెకు దొరికే నిల్వలో) పెట్టండి. తర్వాత మార్చాలంటే గంటల తరబడి సైటు ఆపాల్సి వస్తుంది.

కొత్త సర్వర్లలో తరచూ కనిపించే జబ్బులు మూడు.

ఒకటి, సైటు బ్రౌజర్‌లో బాగానే తెరుచుకుంటుంది కానీ వేరే సర్వర్ నుంచి వెతికితే మీ కమ్యూనిటీ దొరకదు. ఎన్‌జింక్స్ అన్ని రిక్వెస్టులనూ యూఐకి పంపేస్తోందన్నమాట. యాక్టివిటీపబ్ రకం జేసన్ అడుగుతూ వచ్చే రిక్వెస్టులు, సమాచారం పంపే హెచ్‌టీటీపీ పోస్ట్ (POST) రిక్వెస్టులన్నీ 8536కు పోవాలి.

రెండు, సర్వర్‌ను క్లౌడ్‌ఫ్లేర్ (సైటు ముందు నిలబడి దాడులను ఆపే సేవ) వెనక పెట్టి బాట్ అడ్డుకట్ట ఆన్ చేస్తారు. ఇతర సర్వర్లు మీ సర్వర్ ఇన్‌బాక్స్‌కు (వాటి సందేశాలు చేరే చిరునామాకు) పంపేవన్నీ దాని కంటికి బాట్లే. బయట నుంచి ఒక్క కామెంటూ రాదు, మీ వైపు లాగ్‌లోనూ ఏమీ కనిపించదు. ఇన్‌బాక్స్ దారికి మినహాయింపు రాయాలి.

మూడు, ఈమెయిల్. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి పోయే 25వ పోర్టును మూసి ఉంచుతాయి. అకౌంట్ నిర్ధారణ మెయిల్ పోదు, పోయినా స్పామ్‌లో పడుతుంది. డబ్బిచ్చి ఒక ఎస్ఎంటీపీ రిలే (మీ తరఫున మెయిల్ పంపే సేవ) తీసుకుని, మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టి, జీమెయిల్‌కు పరీక్ష మెయిల్ పంపి చూసుకున్నాకే తలుపు తెరవండి. ప్రకటన రోజు నాలుగు వందల మంది వచ్చి మెయిల్ రాక వెళ్లిపోతే వాళ్లు మళ్లీ రారు.

సర్వర్ గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి. ఫెడరేషన్ సందేశాల మీద సంతకానికి సమయం ముద్ర ఉంటుంది, గడియారం తప్పితే అవతలివాళ్లు తిప్పికొడతారు.

సర్వర్ ఏ ఖండంలో ఉండాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని ఆసీ.జోన్ సర్వర్ అనుభవం చూడండి. అప్పట్లో లెమ్మీ ఒక సర్వర్‌కు ఒక్కో సందేశాన్ని పంపి, జవాబు వచ్చాకే తర్వాతిది పంపేది. యూరప్‌లోని లెమ్మీ.వరల్డ్ నుంచి ఆస్ట్రేలియాకు రానూపోనూ 0.3 సెకను అనుకుంటే సెకనుకు మూడు పైచిలుకు సందేశాలు, రోజుకు 2.9 లక్షల లోపు. లెమ్మీ.వరల్డ్‌లో పడే ఓట్లు, కామెంట్లు అంతకు మించిన రోజుల్లో వరుస పెరిగిపోయి, ఆస్ట్రేలియా వాళ్లు రోజుల వెనక ఉండిపోయారు. లెమ్మీ 0.19.6 వెర్షన్‌లో ఒకేసారి కొన్నింటిని సమాంతరంగా పంపే సెట్టింగు వచ్చింది. పంపే సర్వర్ దాన్ని పెంచితేనే ఫలితం. ముంబైలో సర్వర్ పెడితే ఈ దూరం సగానికి తగ్గుతుంది కానీ పోదు. చదివేవాళ్లకు వేగంగా ఉండటమా, పెద్ద సర్వర్లతో తాజాగా ఉండటమా అని ఎంచుకోవాల్సి వస్తే యూరప్‌లోనే పెట్టడం మేలు.

పిలుపు ఎలా ఉండాలి

ప్రకటనకు ముందు రెండు వారాలు ఇల్లు ఖాళీగా కనిపించకుండా చూడాలి. రోజూ రాసే అలవాటున్న 30, 40 మందిని విడిగా పిలిచి లోపల కూర్చోబెట్టండి. ఎప్పుడు తెరిచినా ఆరు గంటల లోపు కామెంట్ పడిన థ్రెడ్లు కనీసం మూడు ఉండాలన్నది పనికొచ్చే కొలత. బాట్‌తో రెడిట్ పోస్టులను కాపీ చేసి నింపే దారి చాలామంది పట్టారు. అందుకోసమే లెమ్మిట్.ఆన్‌లైన్ అనే సర్వర్ కూడా వచ్చింది. వేల పోస్టులు, ఒక్క జవాబూ ఉండదు. అడిగినవాడు అక్కడ లేడు కాబట్టి జవాబిచ్చినా దండగ. చాలామంది దాన్ని బ్లాక్ చేశారు. పాత సరుకులో తెచ్చుకోదగ్గవి రూల్స్, తరచూ అడిగే ప్రశ్నలు, వికీ. వాటిని మనిషి కూర్చుని తిరగరాయాలి. రెడిట్ జాబితాలు ఏపీఐ ద్వారా వెయ్యి పోస్టుల దగ్గర ఆగిపోతాయి, కాబట్టి పెద్ద సబ్‌రెడిట్ చరిత్రంతా అలా రాదు.

ప్రకటన ఇలా ఉంటే పని జరుగుతుంది:

'మన కొత్త చోటు సిద్ధం. రూల్స్ ఇవే, మోడ్స్ వీళ్లే. ఈ లింకు నొక్కండి, పేరు, ఈమెయిల్ ఇవ్వండి, ఇక్కడ మీకు గుర్తున్న ఒక పోస్టు గురించి ఒక్క వాక్యం రాయండి. రెండు గంటల్లో అకౌంట్ తెరుస్తాం. శుక్రవారం థ్రెడ్ ఈ వారం నుంచి అక్కడే.'

ఇందులో ఫెడరేషన్ అన్న మాటే లేదని గమనించండి. వికేంద్రీకరణ గురించి ఉపన్యాసం, ఈమెయిల్‌తో పోలిక, సర్వర్ల జాబితా ఉన్న ప్రకటనలు చదివినవాళ్లు తల ఊపి పక్కకు జరుగుతారు. లింకు ఒక్కటే, అదీ నేరుగా నమోదు పేజీకి. రెండు గంటలన్నారంటే మోడరేటర్లు వంతులేసుకుని నిజంగానే రెండు గంటల్లో తెరవాలి. చివరి వాక్యం అన్నిటికన్నా బలమైనది: వారం వారం జరిగే ఒక్క థ్రెడ్‌ను పూర్తిగా కొత్త చోటికి మార్చేయండి, రెండు చోట్లా పెట్టకండి. మిగతావన్నీ పాత చోటనే నడవనివ్వొచ్చు.

పాత చోటును ధ్వంసం చేయడం, చెత్త పోస్టులతో నింపడం వద్దు. 2023లోనే రెడిట్ మోడరేటర్లకు తెరవండి, లేదంటే మార్చేస్తాం అని సందేశాలు పంపింది. 2024 సెప్టెంబరులో, పబ్లిక్ సబ్‌రెడిట్‌ను ప్రైవేటు చేయాలంటే రెడిట్ అనుమతి తీసుకోవాలని రూల్ మార్చింది. తాళం వేసే ఆయుధం ఇప్పుడు లేదు. సబ్‌రెడిట్‌ను తెరిచే ఉంచి, పైన పిన్ చేసిన పోస్టు, సైడ్‌బార్, వారానికో గుర్తు చేసే థ్రెడ్ వాడటమే దారి. ప్రతి పోస్టు కిందా ఆటోమోడ్ (రెడిట్ ఆటోమేటిక్ మోడరేటర్) ప్రకటన పెడితే జనానికి విసుగు పుట్టి రిపోర్టులు కొడతారు.

యాప్‌ల సంగతి మరవకండి. 2023 జూన్ 12న వచ్చినవాళ్లకు ఆండ్రాయిడ్‌లో జెర్బోవా, ఐఫోన్‌లో పరీక్షదశలో ఉన్న మ్లెమ్ తప్ప పెద్దగా ఏమీ లేవు. తమకు నచ్చిన యాప్ పోతోందని కోపంతో వచ్చినవాళ్ల చేతికి యాపే లేకపోవడం ఆ వలసలోని పెద్ద వెటకారం. నెలాఖరుకల్లా అపోలో పోలికతో వెఫ్‌వెఫ్ వచ్చింది, అదే తర్వాత వాయేజర్ అయింది. తర్వాత సింక్ డెవలపర్ కూడా లెమ్మీకి యాప్ చేశాడు. జూలై 1న పాత యాప్‌లు ఆగిపోయాక వచ్చినవాళ్లకు కనీసం వెఫ్‌వెఫ్ అయినా చేతికి అందింది. ఇప్పుడు తరలించేవాళ్లు ప్రకటనలోనే ఒక్క యాప్ పేరు చెప్పండి, పది చెప్పకండి.

గడప దగ్గర ఆగిపోయేవాళ్లు

అకౌంట్ తెరిచినవాళ్లు కూడా మొదటి పది నిమిషాల్లో కొన్నిచోట్ల తట్టుకుని పడతారు.

కమ్యూనిటీకి మామూలు వెబ్ లింకు ఇస్తే వేరే సర్వర్ సభ్యుడు అక్కడికి వెళ్లి, తాను లాగిన్ అయి లేనని చూసి తికమక పడతాడు. ఆశ్చర్యార్థకం, కమ్యూనిటీ పేరు, @ గుర్తు, సర్వర్ పేరు అన్న వరుసలో రాస్తే ఎవరి సర్వర్‌లో వాళ్లకు తెరుచుకుంటుంది.

ఒక సర్వర్‌లో కనీసం ఒక్కరైనా సబ్‌స్క్రైబ్ చేసేదాకా మీ కమ్యూనిటీ ఆ సర్వర్‌లో ఉండనే ఉండదు. మొదటిసారి వెతికినవాడికి కొన్ని ఇటీవలి పోస్టులు మాత్రమే వస్తాయి, కామెంట్లు, ఓట్లు లేకుండా. ఖాళీగా ఉందనుకుని వెళ్లిపోతాడు. అందుకే తెరవకముందే పెద్ద సర్వర్లలో ఒక్కో అకౌంట్ పెట్టి మీ కమ్యూనిటీలకు సబ్‌స్క్రైబ్ చేయించి ఉంచాలి.

తెలుగు గుంపులకు ప్రత్యేకంగా మూడు చిక్కులున్నాయి. లెమ్మీ భాషల జాబితాలో తెలుగు ఉంది. సభ్యుడు సెట్టింగుల్లో తెలుగు, ఇంగ్లిష్ రెండే ఎంచుకుంటే, భాష గుర్తు లేని పోస్టులన్నీ అతనికి మాయమవుతాయి. జనం పెట్టే పోస్టుల్లో ఎక్కువ అలాంటివే. జాబితాలో పైనుండే 'అన్‌డిటర్మిన్డ్'ను కూడా తప్పక ఎంచుకోవాలి. రెండోది దీనికి తిరగేసినది: కమ్యూనిటీకి తెలుగు ఒక్కటే అనుమతిస్తే, భాష ఎంచుకునే చోటు లేని యాప్ నుంచి రాసేవాడికి ఈ భాష ఇక్కడ చెల్లదన్న ఎర్రర్ వస్తుంది, ఎందుకో అతనికి అర్థం కాదు. మూడోది పేరు. కమ్యూనిటీ అసలు పేరులో తెలుగు లిపి పడదు, ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి, ఒకసారి పెట్టాక మార్చలేరు. పైన కనిపించే శీర్షిక మాత్రం తెలుగులో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కాబట్టి స్పెల్లింగు మీద మోడరేటర్లు కొట్టుకోవాల్సింది ముందే.

తలుపు ఎంత తెరవాలి

2023 జూన్ మధ్యలో బీహా అనే సర్వర్ లెమ్మీ.వరల్డ్‌తో, మరో పెద్ద సర్వర్‌తో ఫెడరేషన్ తెంచుకుంది. కారణం అవి రెండూ ఎవరైనా ఎలాంటి పరిశీలనా లేకుండా చేరేలా తలుపులు బార్లా తెరవడం, వచ్చే గొడవలను సర్దడానికి బీహా మోడరేటర్లు చాలకపోవడం. దాని ఫలితం దగ్గర్నుంచి చూడదగ్గది. లెమ్మీ.వరల్డ్ సభ్యులకు బీహా కమ్యూనిటీలు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ అవి ఆ రోజు దగ్గర ఆగిపోయిన నకళ్లు. అందులో కామెంట్ రాస్తే అది లెమ్మీ.వరల్డ్ వాళ్లకే కనిపిస్తుంది. కమ్యూనిటీ సొంత సర్వరే అందరికీ పంచాలి, దానికి ఆ కామెంట్ చేరదు కదా. జవాబు రాని గోడతో మాట్లాడుతున్నామని జనానికి రోజుల తరబడి తెలియలేదు.

ఆ నెలాఖరులోనే బాట్లు పడ్డాయి. ఈమెయిల్ నిర్ధారణ, క్యాప్చా (మనిషా, బాటా అని తేల్చే పరీక్ష) లేని చిన్న సర్వర్లలో వేలకు వేలు దొంగ అకౌంట్లు పుట్టాయి. అదే సమయంలో వచ్చిన లెమ్మీ 0.18.0 వెర్షన్ వెబ్‌సాకెట్లను (సర్వర్‌తో నిరంతరం తెరిచి ఉండే కనెక్షన్లను) తీసేసి వేగం పెంచింది కానీ క్యాప్చా కూడా అందులో పోయింది. లెమ్మీ.వరల్డ్ దాన్ని తీసుకోకుండా ఆగి, క్యాప్చా తిరిగి పెట్టిన 0.18.1 ప్రయోగ వెర్షన్‌కు జూలై మొదట్లో మారింది. అప్‌గ్రేడ్ నోట్సులో ఏం చేరిందో చదవడం అందరూ చేస్తారు, ఏం తీసేశారో చదివినవాళ్లే బతికారు.

జూలై 10న కస్టమ్ ఎమోజీల లోపం ద్వారా లెమ్మీ.వరల్డ్ అడ్మిన్ అకౌంట్ చేజారింది. పేజీలో దూరిన స్క్రిప్టు లాగిన్ టోకెన్లు (లాగిన్ అయి ఉన్నారని చూపే సంకేతాలు) ఎత్తుకుపోయింది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ టోకెన్ చావలేదు. సర్వర్ రహస్య కీని మార్చి అందరినీ ఒకేసారి లాగవుట్ చేయాల్సి వచ్చింది. దీన్నుంచి నేర్చుకోవాల్సింది సులువు: అడ్మిన్ అకౌంట్‌తో రోజువారీ చదవడం, రాయడం చేయకండి. దానికి వేరే మామూలు అకౌంట్ ఉండాలి.

నమోదుకు 'దరఖాస్తు' పద్ధతే పెట్టండి, ప్రశ్న ఒక్కటే ఉండాలి, ఆ విషయం తెలిసిన మనిషికే తట్టే జవాబు కావాలి. సర్వర్ మన దేశంలో నడుపుతుంటే 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో కనిపించాలి. ఆ పని ఎవరిదో తెరవకముందే తేల్చుకోండి.

ఇల్లు కూలే దారులు

సాఫ్ట్‌వేర్ వల్ల పోయిన సర్వర్లు తక్కువ. డొమైన్ వల్ల, అలసట వల్ల పోయినవే ఎక్కువ.

ఉచిత వనరుల సబ్‌రెడిట్ ఎఫ్ఎంహెచ్‌వై వాళ్లు .ఎంఎల్ డొమైన్ మీద లెమ్మీ పెట్టారు. అది మాలీ దేశపు డొమైన్, ఏళ్ల పాటు ఉచితంగా దొరికేది. 2023 జూలైలో మాలీ దాని నిర్వహణను వెనక్కి తీసుకున్నప్పుడు వాళ్ల పేరు పోయింది. మామూలు సైటైతే కొత్త పేరు కొని దారి మళ్లిస్తారు. యాక్టివిటీపబ్‌లో ప్రతి అకౌంట్, పోస్టు, కమ్యూనిటీ గుర్తింపులోనూ డొమైన్ కలిసి ఉంటుంది. పేరు పోతే మిగతా సర్వర్ల దృష్టిలో మీరు కొత్తగా పుట్టినవాళ్లే, సబ్‌స్క్రైబర్లు సున్నా నుంచి మొదలు. దేశాల పేర్ల మీద ముద్దుగా ఉండే డొమైన్లు వద్దు. మామూలుది కొని, మొదటి ఏడాది ఆఫర్ ధర కాకుండా రెన్యూవల్ ధర చూసుకుని, ఐదేళ్లకు ఒకేసారి కట్టేయండి.

లెమ్మీకి పోటీగా అదే జూన్‌లో వెలిగిన కేబిన్.సోషల్ ఒక్క డెవలపర్ మీద నిలబడింది. అతనికి తీరిక లేకపోయాక తరచూ ఆగుతూ 2024లో పూర్తిగా పోయింది. ఆ కోడ్ ఎంబిన్ పేరుతో వేరే చేతుల్లో బతుకుతోంది. లెమ్.ఈఈ బాగా నడిచిన పెద్ద లెమ్మీ సర్వర్. నడిపేవాళ్లు అలసిపోయి 2025 జూన్‌లో ప్రకటించి ఆ నెలాఖరుకే మూసేశారు. లెమ్మీ 0.19 నుంచి సభ్యుడు తన సబ్‌స్క్రిప్షన్లు, బ్లాకులు ఒక ఫైలుగా దించుకుని వేరే సర్వర్‌లో ఎక్కించుకోవచ్చు. పోస్టులు, కామెంట్లు మాత్రం రావు. రెడిట్ నుంచి ఒకసారి ఇల్లు మారినవాళ్లు రెండేళ్లకే మళ్లీ సామాను సర్దుకోవాల్సి వచ్చింది, ఈసారి గుంపును మోసుకెళ్లే సాధనం లేకుండా.

కాబట్టి సర్వర్ తెరిచే వారంలోనే ఒక కాగితం రాసుకోవాలి. డొమైన్ రిజిస్ట్రార్ లాగిన్ ఏ ఇద్దరి దగ్గర ఉంది, సర్వర్ బిల్లు ఎవరి కార్డు మీద పోతోంది, ఆ కార్డు గడువు ఎప్పుడు, రోజువారీ డేటాబేస్ డంప్ (పూర్తి నకలు) ఏ రెండో కంపెనీ డిస్క్‌లో పడుతోంది, దాన్ని చివరిసారి వేరే మెషిన్‌లో ఎక్కించి చూసింది ఏ తేదీన, మూయాల్సి వస్తే సభ్యులకు ఎన్ని రోజుల ముందు చెబుతాం. మూడు నెలలంటే న్యాయంగా ఉంటుంది. ఆ గడువును నమోదు పేజీలోనే రాసి పెట్టండి, దరఖాస్తు ప్రశ్నకు పైన.